రత్నరాజు రాసుకున్న రాజుల పట్టిక

సిడ్నీ శివారు క్వేకర్స్ హిల్ తెలుగు ఫెలోషిప్‌లో రత్నరాజు గురించి ఒక మాట తిరిగేది. ఆయన వేంగి రాజుల వంశం వాడట. ఏలూరు అవతల మట్టి దిబ్బల కింద వాళ్ల కోట పూడిపోయి ఉందట. అది తనదేనని గవర్నమెంటుకు అర్జీ పెట్టడానికి పాత రాజుల పేర్లన్నీ ఏరి ఒక నోటుపుస్తకంలో ఎక్కిస్తున్నాడట. పగలంతా స్కూల్లో నేలలు తుడుస్తాడట, తీరికైతే బ్లాక్‌టౌన్ లైబ్రరీలో కూర్చుని కిరీటాలు వెతుక్కుంటాడట.

ఈ మాటకు మూలం ఫెలోషిప్ సెక్రటరీ నాథన్. ఒక శనివారం లైబ్రరీకి వెళ్లినప్పుడు, లావుపాటి చరిత్ర పుస్తకాల మధ్య తలొంచుకుని రాసుకుంటున్న రత్నరాజును చూశాడు. “ఏం రాస్తున్నారు బ్రదర్?” అని అడిగితే, “రాజుల పేర్లండీ” అని చెప్పి పుస్తకం మూసేశాడు. జరిగింది ఇంతే. ఆ మాట లలితకుమారి ఆంటీ వంటింటికి చేరేసరికి దానికి వంశం తోడైంది. ఆరాధన అయ్యాక కార్ల దగ్గర నిలబడి మాట్లాడుకునే చోటికి వచ్చేసరికి కోట లేచింది, అర్జీ కూడా తయారైంది.

“రాజుగారు వేంచేశారు, లేవండమ్మా, కుర్చీ ఇవ్వండి!” అని ఎవరో ఒకరు ప్రతి ఆదివారం అనేవారు. రత్నరాజు నవ్వేవాడు. వెనక వరసలో చివరి కుర్చీలో కూర్చునేవాడు. పక్కన అతని భార్య రూత్ బైబిలు తెరిచి, చదవకుండా చూస్తూ ఉండేది. ఆ పట్టిక ఎందుకో ఆమెకూ తెలియదు. ఆమెకు తెలుసుకోవాలని ఉన్నది పట్టిక సంగతి కాదు. రెండేళ్లుగా ఆమెను తొలిచేస్తున్న ప్రశ్న వేరే ఉంది. దానికి జవాబు రత్నరాజు ఒక్కడి దగ్గరే ఉంది.

రత్నరాజు తండ్రి దెందులూరు దగ్గర మిషన్ ఆసుపత్రిలో కాపలా మనిషి. కొడుకు బడి చదువు ఆసుపత్రి వరండాలోనే సాగింది. బి.ఏ. చేసి, ఏలూరులో ఒక లూథరన్ హైస్కూల్లో హిస్టరీ మాస్టారయ్యాడు. పదహారేళ్లు చెప్పాడు. తొమ్మిదో తరగతి పిల్లలను ఏటా సైకిళ్ల మీద పెదవేగి తీసుకెళ్లి, దిబ్బల మీద నిలబెట్టి వేంగి చాళుక్యుల పాఠం అక్కడే చెప్పేవాడు. ఆయన దగ్గర చదివినవాళ్లకు మిగతాదంతా మరుపున పడినా ఇంద్రభట్టారకుడు మాత్రం గుర్తుండిపోయేవాడు. అన్న ముప్పై మూడేళ్లు ఏలాడు, తర్వాత తమ్ముడు ఇంద్రభట్టారకుడు ఏడు రోజులు ఏలాడు, ఆ తమ్ముడి కొడుకు తొమ్మిదేళ్లు ఏలాడు. ఏడు రోజులంటే పిల్లలు పగలబడి నవ్వేవారు.

“నవ్వండి, నవ్వండి” అనేవాడు మాస్టారు. “మీరైతే వదిలేసేవాళ్లేరా. వారం రోజులవాణ్ణి కూడా లెక్కేంటని దాటేసేవాళ్లు. రాగిరేకు చెక్కినవాడు వదల్లేదు. అన్న పేరు పక్కన ముప్పై మూడేళ్లని చెక్కాడు, తమ్ముడి పేరు పక్కన ఏడు రోజులని చెక్కాడు. వరసలో ఉన్నవాడు వరసలో ఉండాల్సిందే.”

రూత్ నర్సు. పెళ్లయిన పన్నెండేళ్లకు, తన పెదనాన్న కూతురు రాసిన ఉత్తరం పట్టుకుని, 1988 జనవరిలో ఇద్దరూ సిడ్నీ వచ్చారు. అక్కడి నర్సు చదువు ఇక్కడ చెల్లలేదు. రూత్ వృద్ధుల ఆశ్రమంలో సహాయకురాలిగా చేరింది. రత్నరాజుకు ఒక ప్రైమరీ స్కూల్లో క్లీనర్ పని దొరికింది. పిల్లలు వెళ్లిపోయాక తరగతి గదులు తుడవాలి, బల్లలు సర్దాలి, నల్లబల్లలు చెరపాలి. నల్లబల్ల మీద ఏవైనా తేదీలు కనిపిస్తే ఒకసారి చదువుకుని తర్వాత చెరిపేవాడు. ఒకసారి ఎవరో టీచరమ్మ సంవత్సరం తప్పు రాస్తే, దిద్దాలా వద్దా అని గుడ్డ చేత్తో పట్టుకుని చాలాసేపు నిలబడ్డానని ఇంటికొచ్చి చెప్పాడు. “దిద్దారా?” అని రూత్ అడిగింది. “చెరిపేశాను” అన్నాడు.

వచ్చిన నెలలోనే రూత్‌కు కడుపని తెలిసింది. పన్నెండేళ్లు ఎదురుచూసి ఆశ వదులుకున్న తర్వాత వచ్చిన కడుపు. ఊరు కొత్త, మనుషులు కొత్త, ఫెలోషిప్ ఒకటుందని కూడా అప్పటికి తెలియదు. ఉత్తరం రాసిన పెదనాన్న కూతురు ఉండేది వేరే రాష్ట్రంలో. ఇక్కడ ఉన్నది ఇద్దరే. అయినా ఆ ఏడు నెలలు వాళ్ల ఇంట్లో నవ్వులే.

రూత్ పుట్టింటివాళ్లకు ఒక ఆచారం ఉంది. బిడ్డకు పేరు తల్లి అనుకుంటుంది, ఎవరికీ చెప్పదు, భర్తకు కూడా. బాప్తిస్మం రోజున పాస్టరుగారు “ఈ బిడ్డ పేరేమి?” అని అడిగినప్పుడే తల్లి నోటి నుంచి మొదటిసారి ఆ పేరు వినపడాలి. రూత్ తల్లి అలాగే చేసింది, అమ్మమ్మా అలాగే చేసింది. రత్నరాజు రోజూ ఆమె నోరు విప్పించాలని చూసేవాడు.

“ఆనందరావా?”

“కాదు.”

“పోనీ మొదటి అక్షరం చెప్పు.”

“మాస్టారూ, పరీక్షకు ముందు పేపరు బయట పెడతారేంటండీ?” అని రూత్ మూతి బిగించి నవ్వేది.

ఆగస్టు పదకొండున, ఇంకా మూడు వారాలు ఉండగానే, పొద్దున్నే ఆమెకు తల పగిలిపోయే నొప్పి వచ్చింది. తర్వాత ఫిట్స్. ఆసుపత్రిలో మత్తిచ్చి పొట్ట కోసి బిడ్డను తీశారు. ఆమెకు పూర్తిగా తెలివి రావడానికి రెండు రోజులు పట్టింది. కళ్లు తెరిచేసరికి రత్నరాజు మంచం పక్కన ఉన్నాడు. “మగపిల్లాడు. పుట్టేసరికే ఊపిరి లేదు రూతూ” అన్నాడు. అప్పటికే ఆసుపత్రి పాస్టరును వెంటబెట్టుకుని అతనొక్కడే వెళ్లి బిడ్డను పూడ్చిపెట్టి వచ్చాడు.

ఇంటికి పంపే రోజున ఒక నర్సు ఆమెకు బట్టలు అందిస్తూ, “మీ ఆయన ఆ పసివాణ్ణి ఒక్క క్షణం కూడా కింద పెట్టలేదు డియర్, ఊపుతూనే ఉన్నాడు” అంది. రూత్ ఆ మాటను ఇంటికి తెచ్చుకుంది. ఊపిరి లేని బిడ్డను ఎవరైనా ఎత్తుకుంటారు, ఏడుస్తారు. ఊపుతూ ఉంటారా? తనూ నర్సే. పురిటి గదుల్లో ఎన్నో చూసింది. ఒకసారి ధైర్యం చేసి అడిగింది: “నిజంగా పుట్టేసరికే లేడాండీ?” రత్నరాజు “చెప్పాను కదా” అని, ఆరేసిన బట్టలు తేవడానికి పెరట్లోకి వెళ్లాడు. ఎండిన బట్టలు లోపలికి రావడానికి చాలాసేపు పట్టింది. ఆ తర్వాత ఆమె మళ్లీ అడగలేదు. అడగలేదని మానేసినట్టు కాదు. తన కొడుకు ఒక్క నిమిషమైనా బతికాడా అన్నది గిన్నెలు కడుగుతుంటే వచ్చేది, ఆశ్రమంలో ముసలమ్మల జడలు దువ్వుతుంటే వచ్చేది.

ఏడాది తిరిగాక క్వేకర్స్ హిల్ మారారు. ఫెలోషిప్‌లో చేరారు. “పిల్లలెంతమందమ్మా?” అని లలితకుమారి ఆంటీ అడిగితే రూత్ “లేరండీ” అంది. అందువల్ల రాజవంశం కథకు ఇంకో కొస కూడా అతుక్కుంది: పిల్లల్లేరు పాపం, అందుకే ఆయన రాజుల మీద పడ్డాడు.

1990లో ఈస్టర్ తర్వాతి ఆదివారం ఫెలోషిప్ వాళ్లంతా పార్కులో పొయ్యి రాజేసి బార్బీ పెట్టుకున్నారు. ఇక్కడ ఏప్రిల్ అంటే చలికాలం ముందరి మెత్తని ఎండ. సాసేజీలు, కారం పట్టించిన కోడి ముక్కలు కాల్చే పని రత్నరాజు మీద పడింది. రూత్ పులిహోర గిన్నె పట్టుకుని పళ్లేల్లోకి వడ్డిస్తోంది.

“టొమాటో సాస్ ఏదండీ?” అని నాథన్ కేక వేశాడు.

“మా సంచిలో ఉంది చూడండి” అన్నాడు రత్నరాజు, పొగకు మొహం తిప్పుకుని.

నాథన్ సాస్ సీసాతో పాటు అట్ట చిరిగిన నోటుపుస్తకం కూడా పైకి తీశాడు. “ప్రైజ్ ది లార్డ్! దొరికిందర్రా రాజముద్ర!”

“అది ఒద్దు బ్రదర్, అక్కడ పెట్టెయ్యండి. ఊరికే రాసుకున్నది.”

“ఊరికేనేంటండీ, కోట మీ చేతికొచ్చాక మాకూ తలో గది ఇవ్వాలి గదా. ప్రజలకు చదివి వినిపించొద్దూ?”

అందరూ నవ్వారు. నాథన్ చెడ్డవాడు కాదు. నలుగురు కూర్చున్న చోట వాళ్లను నవ్వించకపోతే అతనికి తోచదు. పుస్తకం విప్పి, ప్రకటనలు చదివే గొంతుతో మొదలుపెట్టాడు.

“అతి తక్కువ కాలం ఏలినవారు. నంబర్ వన్, ఫ్రాన్సు. పందొమ్మిదో లూయీ. పద్దెనిమిది వందల ముప్పై. ఇరవై నిమిషాలు, అంటారు. అబ్బో! మన పాస్టరుగారి ఓపెనింగ్ ప్రేయరే ముప్పై నిమిషాలు!”

పాస్టరుగారు కూడా నవ్వారు.

“నంబర్ టూ, ఆస్ట్రేలియా. పేరు…” నాథన్ పుస్తకాన్ని కాస్త దూరంగా పట్టుకున్నాడు. “పేరు రాయలేదు. ఖాళీ. నైన్టీన్ ఎయిటీ ఎయిట్. నలభై ఏడు నిమిషాలు.”

“డాడ్, వియ్ హ్యావ్ ఎ క్వీన్!” అని నాథన్ కూతురు జాక్లిన్ విసుక్కుంది.

“అదేగా నేనూ అంటున్నది. ఎయిటీ ఎయిట్‌లో మనమంతా ఇక్కడే ఉన్నాం గదమ్మా, మనకు తెలీకుండా వచ్చిపోయిన రాజెవడు?”

“కంగారూల రాజేమో లేండి” అంది లలితకుమారి ఆంటీ.

నవ్వులు ఆగేలోపు నాథన్ కిందికి చదువుకుంటూ పోయాడు. హుమాయూన్‌ను ఏట్లో మునిగిపోకుండా కాపాడి ఒక రోజు సింహాసనమెక్కిన నీళ్లు మోసేవాడు. జాంజిబార్‌లో రెండు రోజుల సుల్తాను ఖాలిద్. తండ్రి పోయాక పుట్టి, రాజుగానే పుట్టి, ఐదు రోజులకు కన్నుమూసిన ఫ్రాన్సు పసివాడు జాన్. ఏడు రోజుల ఇంద్రభట్టారకుడు. ఇంగ్లండులో తొమ్మిది రోజుల లేడీ జేన్. పదిహేను రోజుల బేత విజయాదిత్యుడు. ఇవేవీ రూత్ చెవిన పడలేదు. ఆమె రత్నరాజు వైపు చూసింది. అతను చేతిలో పట్టకారు అలాగే పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎదురుగా సాసేజీలు నల్లగా మాడిపోతున్నాయి. వాటిని తిప్పడం లేదు.

రూత్ పులిహోర గిన్నెను గడ్డి మీద దించింది. నాథన్ దగ్గరకు నడిచి చెయ్యి చాపింది.

“అన్నయ్యగారూ, ఇటివ్వండి.”

“జోకమ్మా, సీరియస్‌గా తీసుకోకు.”

“తెలుసండీ. ఇవ్వండి.”

రూత్ అంత గట్టిగా మాట్లాడడం అక్కడ ఎవరూ వినలేదు. నాథన్ పుస్తకం ఇచ్చేశాడు.

కారులో పుస్తకం రూత్ ఒళ్లోనే ఉంది. ఇంటికొచ్చేసరికి మూడున్నర. వంటింటి బల్ల మీదికి ఎండ ఏటవాలుగా పడుతోంది. రూత్ పుస్తకం విప్పి రెండో వరస మీద వేలు పెట్టింది.

“ఎవరండీ ఇతను?”

రత్నరాజు చొక్కా నిండా పొగ వాసన. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “వాడే” అన్నాడు.

“బతికున్నాడా?”

“ఊఁ.”

రూత్ నిలబడే ఉంది. ఆ సంగతి తెలిస్తే తాను ఏమైపోతానో అని రెండేళ్లు భయపడింది. తీరా తెలిశాక, చిన్న చిన్న ప్రశ్నలు వాటంతట అవే వచ్చాయి.

“ఏడ్చాడా?”

“లేదు. బలం లేదుగా. ఒకసారి తుమ్మాడు.”

“తుమ్మాడా?”

“చిన్న తుమ్ము. పక్కన నర్సు నవ్వింది.”

“కళ్లు తెరిచాడా?”

“ఒకటి తెరిచాడు. కిటికీ వైపు తీసుకెళ్లాను. వెలుతురుకు మళ్లీ మూసుకున్నాడు. నా చిటికెన వేలు పట్టుకున్నాడు రూతూ. బాగా పట్టుకున్నాడు.”

రూత్ బల్ల అంచు పట్టుకుంది.

“నీళ్లు పోశారా?”

రత్నరాజు తల దించుకున్నాడు. ఆపదలో ఉన్న బిడ్డకు పాస్టరు లేకపోయినా ఇంట్లోవాళ్లెవరైనా మూడుసార్లు నీళ్లు పోసి, పేరు పెట్టి బాప్తిస్మం ఇవ్వొచ్చు. లూథరన్ బడిలో పదహారేళ్లు పని చేసినవాడికి అది తెలియకపోవడం ఉండదు.

“నర్సే తెచ్చింది. స్టీలు గిన్నెలో, గోరువెచ్చగా చేసి. పేరొక్కటి చెప్పమంది. పేరు వాళ్లమ్మకు తెలుసు, నాకు తెలీదన్నాను. అరగంటలో లేస్తుందన్నారు కదా, లేవనివ్వండన్నాను. నువ్వు లేస్తావు, నీ నోటితో అంటావు, వెంటనే పోద్దామని గిన్నె పక్కన పెట్టుకుని కూచున్నాను. నీళ్లు చల్లారితే ఆవిడ మళ్లీ మార్చి తెచ్చింది కూడా.”

“ఏదో ఒక పేరు పెట్టకపోయారా!”

“వాడికి నువ్వనుకున్న పేరుంది కదా. నేను ఇంకోటి పెడితే తప్పు పేరుతో పోతాడు.”

“ఊహించలేకపోయారా?”

“ఊహించాను.”

“ఏమని?”

“ఓబేదు. మీ అమ్మ నీకు రూతని పెట్టింది. బైబిల్లో రూతు కొడుకు ఓబేదే కదా. నీ కొడుక్కి నువ్వింకేం పెడతావు? ఆనందరావంటూ నిన్ను ఊరికే ఆడించేవాణ్ణి.”

అదే పేరు. రూత్ కుర్చీలో కూర్చుంది. ఆ పేరు మొదటిసారి వినపడింది, అదీ తన నోటి నుంచి కాదు.

“తెలిసీ పెట్టలేదా మీరు?”

“నీ దగ్గర వినాలనుంది. ఇంకో ఐదు నిమిషాలు, ఇంకో ఐదు నిమిషాలు అనుకున్నాను.”

“మరి నాతో అలా ఎందుకు చెప్పారండీ?”

“బతికాడని చెప్తే, నీళ్లు పోశారా అని అడుగుతావు కదా.”

బయట ఎవరో గడ్డి కోస్తున్న మిషను చప్పుడు కాసేపు వినపడి ఆగింది. రూత్ ఏడవలేదు.

“రెండేళ్ల నుంచి నేను వాణ్ణి చచ్చిపోయినవాడిగానే తల్చుకుంటున్నానండీ. బతికున్నవాడిగా ఒక్కసారీ తల్చుకోలేదు. ఆ నలభై ఏడు నిమిషాలూ మీరొక్కరే దాచుకున్నారు.”

ఆమె పట్టికను దగ్గరకు లాక్కుని, పై నుంచి కింది దాకా ఇప్పుడు చదివింది.

“వీళ్లంతా ఎందుకు?”

“మొదట వాడొక్కడినే రాశాను. ఒక్క వరస, అంత పెద్ద కాగితం మీద. చూడలేకపోయాను. పైనా కిందా మనుషులుంటే బాగుంటుందనిపించింది.”

రూత్ లేచి స్నానాల గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. తర్వాత ఎనిమిది రోజులు ఆమె అతనితో మాట్లాడలేదు. పొద్దున డబ్బాలో అన్నం సర్ది బల్ల మీద పెట్టేది. అతను తీసుకెళ్లి, సాయంత్రం డబ్బా కడిగి తెచ్చేవాడు. అతని మీద కోపం ఒక వైపు. ముచ్చట కోసం మూతి బిగించుకున్న తన మీద కోపం ఇంకో వైపు. మొదటిది కాస్త తగ్గితే రెండోది లేచేది. ఒక పేరు. సాయంత్రం పూట, నవ్వుతూ, ఎప్పుడైనా చెప్పేసి ఉండొచ్చు.

తొమ్మిదో రోజు అన్నం డబ్బా మూత పెడుతూ, “వాడి కాగితాలు ఎక్కడున్నాయి?” అంది.

అతను బీరువా పైనున్న పెట్టె దింపాడు. పుట్టినట్టు ఒక కాగితం, పోయినట్టు ఒక కాగితం. రెండింటి మీదా ఒకటే తేదీ. తల్లి పేరు, తండ్రి పేరు, పుట్టిన వేళ, అన్నీ ఉన్నాయి. బిడ్డ పేరు ఉండాల్సిన చోట చిన్న గీత గీసి ఉంది. రూత్ ఆ గీతను బొటనవేలితో రుద్దింది, మరకైతే పోతుందన్నట్టు.

“పనికి ఒక రోజు సెలవు పెట్టండి” అంది.

ఆదివారాలు మళ్లీ మామూలుగానే గడిచాయి. నాథన్ నొచ్చుకుని ఒకసారి క్షమించమన్నాడు, దేనికో అతనికే సరిగ్గా తెలియదు. రత్నరాజు “అయ్యో, పర్లేదు బ్రదర్” అన్నాడు. కథ మాత్రం ఆగలేదు. పార్కులో జరిగినదాంతో దానికి కొత్త కొమ్మ వేసింది: రాజుగారు ఆస్ట్రేలియాకు కూడా ఒక రాజును పుట్టించాడట, అర్జీ గవర్నమెంటుకు పంపేశాడట, రూత్‌కు అది ఇష్టం లేక పుస్తకం లాక్కుందట. రూత్ చెవిన అదంతా పడేది. ఆమె దిద్దలేదు.

రత్నరాజు గవర్నమెంటుకు పెట్టిన అర్జీ ఒకటుంది. 1990 మే నెలలో, రూత్‌తో కలిసి సిటీకి రైల్లో వెళ్లి ఇచ్చాడు. రెండేళ్ల కింద, ఆగస్టు పదకొండున పుట్టి నలభై ఏడు నిమిషాలు బతికిన తమ కొడుకు జనన నమోదులో ఓబేదు అనే పేరు చేర్చమని అడిగే అర్జీ అది. కింద ఇద్దరూ సంతకం పెట్టారు.